పాఠకుల ప్రశ్నలు: మంచు ఘాట్ రోడ్డుకు అద్దె కారు

ఈసారి అందిన ఉత్తరాలలో శీతకాలపు ప్రయాణాలకు సంబంధించినవి ఎక్కువగా ఉన్నందువల్ల, ఈ శీర్షికను ఆ ఒక్క విషయానికే కేటాయించాము.

ప్రశ్న: డిసెంబరు నెలాఖరులో మేము నలుగురం మంచు పడే పర్వత ప్రాంతానికి వెళుతున్నాము. విమానాశ్రయంలోనే కారు అద్దెకు తీసుకొని కొండపైకి వెళ్లాలని ఆలోచన. ఫోర్ వీల్ డ్రైవ్ ఉన్న ఎస్‌యూవీని బుక్ చేశాము. శీతకాలపు టైర్లు కావాలంటే రోజుకు కొంత మొత్తం అదనంగా చెల్లించాలని అద్దె సంస్థ చెబుతోంది. కారుకు ఆల్ సీజన్ టైర్లు ఎలాగూ ఉంటాయని కూడా అంటున్నారు. అలాంటప్పుడు ఆ అదనపు ఖర్చు అవసరమా?

జవాబు: అవసరమేనండీ. రెండింటిలో ఒక్కదానికే డబ్బు వెచ్చించగలిగితే, ఎస్‌యూవీని వదులుకొని మంచి శీతకాలపు టైర్లున్న మామూలు కారును తీసుకోమనే మేము చెబుతాము.

ఫోర్ వీల్ డ్రైవ్ ఇంజను శక్తిని నాలుగు చక్రాలకూ పంచుతుంది. బండి కదలడానికి, ఎత్తు ఎక్కడానికి అది బాగా ఉపకరిస్తుంది. కానీ బ్రేకులు ప్రతి కారులోనూ నాలుగు చక్రాలకూ ఉంటాయి కాబట్టి, ఆగవలసి వచ్చినప్పుడు ఈ ఏర్పాటు వల్ల ఒరిగేది ఏమీ లేదు. మలుపులో బండి రోడ్డు దాటి పోకుండా పట్టి ఉంచేది కూడా టైరే.

చిన్న లెక్క చూడండి. పొడి తారు రోడ్డుపై టైరుకూ రోడ్డుకూ మధ్య ఘర్షణ గుణకం, అంటే పట్టు ఎంత ఉందో చెప్పే సంఖ్య, సుమారు 0.8 ఉంటుంది. బండ్లు తిరగడంవల్ల గట్టిపడిన మంచుపై మంచి శీతకాలపు టైరుకు కూడా అది 0.25 దరిదాపుల్లోనే ఉంటుంది. నున్నగా గడ్డకట్టిన ఐసుపై 0.1కి పడిపోతుంది, ఒక్కోసారి అంతకన్నా తగ్గుతుంది. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో వెళుతున్న కారు, బ్రేకు పడిన తర్వాత ఆగడానికి మొదటి సందర్భంలో 12 మీటర్లు, రెండో సందర్భంలో 40 మీటర్లు, మూడో సందర్భంలో దాదాపు 100 మీటర్లు తీసుకుంటుంది. డ్రైవరు ప్రమాదాన్ని గమనించి బ్రేకు తొక్కడానికి పట్టే ఒక్క సెకనులో బండి దొర్లిపోయే 14 మీటర్లు వీటికి అదనం.

ఇదంతా చదునైన రోడ్డు సంగతి. ఇప్పుడు 8 శాతం వాలు, అంటే 100 మీటర్ల దూరానికి 8 మీటర్ల ఎత్తు పెరిగే ఘాట్ రోడ్డును తీసుకోండి. ఘర్షణ గుణకం 0.1 మాత్రమే ఉన్న ఐసుపై కూడా ఫోర్ వీల్ డ్రైవ్ బండి ఆ వాలును ఎక్కగలదు, ఎందుకంటే ఎక్కడానికి కావలసింది 0.08 మాత్రమే. అదే వాలు దిగేటప్పుడు ఆ 0.08 అంతా బండి కిందికి జారకుండా చూడడానికే సరిపోతుంది. వేగం తగ్గించడానికి మిగిలేది 0.02. అంత కొద్ది పట్టుతో 50 కిలోమీటర్ల వేగం నుంచి ఆగాలంటే అర కిలోమీటరు కావాలి, అంటే ఘాట్ రోడ్డు మీద అది ఆగనట్టే. రెండు చక్రాలకే శక్తి అందే కారు ఇదే ఐసుపై ఎత్తు ఎక్కలేక కిందనే మొరాయిస్తుంది, ఆ విధంగా తన యజమానిని కాపాడుతుంది కూడా. ఫోర్ వీల్ డ్రైవ్ మాత్రం ఏ ఇబ్బందీ తెలియనివ్వకుండా పైకి చేరుస్తుంది. టైర్లకు పట్టు చాలదన్న సంగతి దిగేటప్పుడు గాని తెలియదు.

ఇక టైరు విషయానికి వస్తే, వేసవి టైరులోని రబ్బరు సుమారు 7 డిగ్రీల సెల్సియస్ కంటే చల్లబడేకొద్దీ బిరుసెక్కుతుంది. శీతకాలపు టైరు రబ్బరు మిశ్రమాన్ని సిలికా వంటి పదార్థాలతో, గడ్డకట్టే చలిలోనూ మెత్తగా ఉండేటట్లు తయారు చేస్తారు. దాని ట్రెడ్, అంటే రోడ్డును తాకే పైభాగం, దిమ్మెల మీద సన్నని చీలికలు వందల సంఖ్యలో ఉంటాయి; వాటి అంచులు మంచును కొరికి పట్టుకుంటాయి. లోతైన గాళ్లలో మంచు కూరుకుంటుంది. మంచు మంచుకే బాగా అతుక్కుంటుంది కనుక ఆ కూరుకున్న మంచు కూడా పట్టును పెంచుతుంది.

ఆల్ సీజన్ అనే పేరును మాత్రం చూసి నమ్మకండి. యూరప్‌లో ఆ పేరుతో అమ్ముడయ్యే టైర్లలో చాలావాటికి మంచు పరీక్ష నెగ్గిన గుర్తు ఉంటుంది. ఉత్తర అమెరికాలో అదే పేరున్న టైర్లలో చాలావాటికి ఎం+ఎస్ అనే అక్షరాలు తప్ప మరేమీ ఉండదు. బురదకు, మంచుకు పనికివస్తుందని సూచించే ఈ అక్షరాలను ట్రెడ్ ఆకృతిని బట్టి తయారీదారే వేసుకుంటాడు. వాటి వెనుక మంచు మీద జరిపిన పరీక్ష ఏదీ ఉండనక్కరలేదు. మీరు వెతకవలసిన గుర్తు వేరు: టైరు పక్కగోడ మీద మూడు శిఖరాల పర్వతం, దాని లోపల ఒక మంచు రేకు. ఉత్తర అమెరికా టైరు తయారీదారులు 1999లో ప్రవేశపెట్టిన ఈ గుర్తు రావాలంటే, గట్టిపడిన మంచుపై ప్రామాణిక టైరు కంటే నిర్ణీత మేరకు మెరుగైన పట్టు చూపాలి. మొదట్లో ఆ హద్దును 10 శాతంగా పెట్టారు. అయితే ఉత్తర అమెరికాలో ఈ పరీక్ష బండి ముందుకు లాగేటప్పుడు దొరికే పట్టును మాత్రమే కొలుస్తుంది. ఐసుపై ఎలా ఆగుతుందో, మలుపులో ఎలా నిలుస్తుందో అది చెప్పదు. ఆ గుర్తు ఉన్న ఆల్ సీజన్ టైరు అప్పుడప్పుడు మంచు పడే చోటికి సరిపోతుంది. రోజుల తరబడి మంచు పేరుకొనే ఎత్తైన కనుమలకు అసలైన శీతకాలపు టైరే తగినది.

ప్రశ్న: బుకింగ్ కాగితంలో శీతకాలపు టైర్ల ప్రస్తావన ఎక్కడా లేదు. ఫోన్ చేసి అడిగితే "ఆ సీజన్‌లో అన్ని కార్లకూ ఉంటాయి లెండి" అన్నారు. ఈ మాట మీద ఆధారపడవచ్చా?

జవాబు: ఆధారపడకండి. ఆ మాట చెప్పిన వ్యక్తి వందల కిలోమీటర్ల దూరంలోని కాల్ సెంటర్‌లో కూర్చుని ఉండవచ్చు. మీకు కారు అప్పగించేది వేరొకరు. అద్దె సంస్థలు సాధారణంగా ఫలానా కారు ఇస్తామని హామీ ఇవ్వవు. ఫలానా తరగతికి చెందిన కారో, అటువంటి మరొకటో ఇస్తామని మాత్రమే రాస్తాయి. ఆ మరొకటికి ఏ టైర్లు ఉంటాయో ఆ రోజు ఉదయం వరకు ఎవరికీ తెలియదు.

కనుక మీరు కారు తీసుకోబోయే శాఖకే ఈమెయిల్ రాయండి. "శీతకాలపు టైర్లు ఉంటాయా?" అని కాకుండా, "నాలుగు చక్రాలకూ మూడు శిఖరాల మంచు రేకు గుర్తున్న టైర్లు ఉన్న కారునే ఇస్తామని ఖాయం చేయగలరా?" అని అడగండి. మొదటి ప్రశ్నకు ఎం+ఎస్ టైర్లను మనసులో పెట్టుకొని కూడా ఔనని చెప్పవచ్చు, రెండో దానికి అలా చెప్పడం కుదరదు. టైర్లను అదనపు సదుపాయంగా చూపి రుసుము తీసుకొనే చోట, ఆ రుసుము రసీదులో కనబడాలి. అప్పుడే అది ఒప్పందంలో భాగమవుతుంది.

శాఖ ఎక్కడున్నదో కూడా చూడండి. సముద్ర తీరంలోనో, ఎన్నడూ మంచు పడని మైదానంలోనో ఉన్న శాఖ కార్లకు వేసవి టైర్లే ఉండే అవకాశం ఎక్కువ. మంచు కొండలు అక్కడికి మూడు గంటల ప్రయాణమే కావచ్చు, కానీ వారి ఖాతాదారులలో ఎక్కువమంది కొండ ఎక్కరు. దీనికి పూర్తిగా భిన్నమైన ఉదాహరణ జపాన్‌లోని హొక్కైడో: అక్కడ శీతకాలంలో అద్దె కార్లకు ఇనుప మేకులు లేని స్టడ్‌లెస్ మంచు టైర్లు మామూలుగానే బిగించి ఉంటాయి. ప్రయాణ మార్గం అనుమతిస్తే రైలులోనో బస్సులోనో కొండ అడుగున ఉన్న పట్టణం వరకు వెళ్లి అక్కడ కారు తీసుకోవడం మేలు. కొంచెం ఖరీదైనా, అక్కడి సిబ్బందికి మీరు అడుగుతున్నదేమిటో వివరించనక్కరలేదు.

కారు చేతికి వచ్చాక సామాను ఎక్కించక ముందే టైర్లు చూడండి. నాలుగింటికీ ఆ గుర్తు ఉండాలి, నాలుగూ ఒకే రకానివై ఉండాలి. ముందు రెండు శీతకాలపువి, వెనుక రెండు మామూలువి అయితే దిగుడు మలుపులో వెనుక భాగం ముందుకన్నా త్వరగా జారి బండి గిర్రున తిరిగిపోతుంది. కొత్త శీతకాలపు టైరు ట్రెడ్ లోతు సుమారు 8 మిల్లీమీటర్లు ఉంటుంది. 4 మిల్లీమీటర్ల కంటే తగ్గితే మంచుపై దాని పనితనం బాగా పడిపోతుంది. చాలా దేశాలలో సాధారణ టైర్లకు చట్టం అనుమతించే కనీస లోతు 1.6 మిల్లీమీటర్లే కాబట్టి, "చట్టం ప్రకారం సరిగానే ఉంది" అన్న జవాబు మీకు సరిపోదు. మనవాళ్లు గుండు టైరు అనేంతగా అరగకపోయినా, మంచు మీద అది గుండు టైరుతో సమానమే. అద్దె కార్లు కొత్తవిగా మెరుస్తున్నా వేల కిలోమీటర్లు చకచకా తిరిగేస్తాయి కాబట్టి ఈ జాగ్రత్త మరింత అవసరం. లోతు కొలిచే గేజి ఇమ్మని మొహమాటపడకుండా అడగండి. టైరు మీద డాట్ (DOT) అనే అక్షరాలతో మొదలయ్యే సంకేతం చివరి నాలుగు అంకెలు టైరు తయారైన వారాన్ని, సంవత్సరాన్ని తెలుపుతాయి. 3522 అని ఉంటే అది 2022లో 35వ వారంలో తయారైనది.

నాలుగు టైర్లనూ, వాటి గుర్తులనూ ఫోటో తీసి ఉంచుకోండి. బీమా పత్రంలో టైర్లు, చక్రాలు, అద్దాలు, బండి అడుగు భాగం అనే మాటలు మినహాయింపుల జాబితాలో ఉన్నాయేమో కూడా చదవండి. చాలా ఒప్పందాలలో ప్రాథమిక బీమా వీటికి వర్తించదు. మంచు దారుల్లో మొదట దెబ్బ తినేవి ఇవే.

ప్రశ్న: ఆల్ప్స్ పర్వతాలలో మూడు నాలుగు దేశాల మీదుగా కారులో తిరగాలనుకుంటున్నాము. తర్వాతి సంవత్సరం కెనడా, అమెరికా కూడా ఆలోచనలో ఉన్నాయి. టైర్ల విషయంలో చట్టం అన్నిచోట్లా ఒకటేనా?

జవాబు: కాదు, ఒకే పర్వతశ్రేణిలో సరిహద్దు దాటగానే నియమం మారిపోతుంది. జర్మనీలో తేదీల ప్రసక్తి లేదు: రోడ్డుపై మంచు, ఐసు, జారుడు ఉంటే శీతకాలపు టైర్లు ఉండి తీరాలి. పాత ఎం+ఎస్ టైర్లకు ఇచ్చిన గడువు 2024 సెప్టెంబరు 30తో ముగిసింది కనుక ఇప్పుడు మూడు శిఖరాల గుర్తు ఉన్నవే చెల్లుతాయి. టైర్లు సరిగా లేకపోతే నడిపేవారిదే కాక, ఆ బండిని రోడ్డు మీదికి అనుమతించిన యజమానిది కూడా తప్పే అన్న నిబంధన 2017 నుంచి అమలులో ఉంది. ఆస్ట్రియాలో నవంబరు 1 నుంచి ఏప్రిల్ 15 వరకు, రోడ్డు స్థితి శీతకాలానికి తగ్గట్టుగా ఉన్నప్పుడు ఆ బాధ్యత వర్తిస్తుంది. పైన చెప్పిన 4 మిల్లీమీటర్ల లోతు అక్కడ చట్టమే. ఫ్రాన్స్‌లో నిర్దేశించిన పర్వత మండలాలలో నవంబరు 1 నుంచి మార్చి 31 వరకు శీతకాలపు టైర్లు ఉండాలి, లేదా మంచులో పట్టు కోసం చక్రాలకు చుట్టే గొలుసులు బండిలో ఉంచుకోవాలి. అక్కడ కూడా 2024 నవంబరు నుంచి ఎం+ఎస్ అక్షరాలు మాత్రమే ఉన్న టైరు లెక్కలోకి రాదు. ఇటలీలో నవంబరు 15 నుంచి ఏప్రిల్ 15 వరకు అనేక రోడ్లపై ఇటువంటి ఆదేశాలే ఉంటాయి, బోర్డులు చూసుకుంటూ వెళ్లాలి. స్విట్జర్లాండ్‌లో శీతకాలపు టైర్లు తప్పనిసరి అనే సాధారణ నియమం లేదు. అంతమాత్రాన వేసవి టైర్లతో వెళ్లవచ్చని అనుకోవద్దు. తగని టైర్లతో ప్రమాదం జరిగితే బాధ్యత, బీమా చిక్కులు మీ మెడకే చుట్టుకుంటాయి.

ఇన్ని తేదీలను గుర్తుంచుకోనక్కరలేదు. గుర్తు ఉన్న టైర్లు, 4 మిల్లీమీటర్ల లోతు, డిక్కీలో గొలుసులు, ఈ మూడూ ఉంటే ఆల్ప్స్‌లో దాదాపు ఎక్కడా ఇబ్బంది రాదు. కారును సరిహద్దు దాటించడానికి అద్దె సంస్థ అనుమతి ఉన్నదో లేదో మాత్రం ముందే రాయించుకోండి.

కెనడాలోని క్యూబెక్‌లో డిసెంబరు 1 నుంచి మార్చి 15 వరకు శీతకాలపు టైర్లు తప్పనిసరి, అద్దె కార్లకు కూడా. అదే దేశంలో బ్రిటిష్ కొలంబియా పర్వత మార్గాలపై అక్టోబరు 1 నుంచే నియమం మొదలవుతుంది గాని, కనీసం 3.5 మిల్లీమీటర్ల లోతుంటే ఎం+ఎస్ టైరును కూడా ఒప్పుకుంటారు. అమెరికాలో ఏ రాష్ట్రం పద్ధతి దానిది. కొలరాడోలో ఇంటర్‌స్టేట్ 70 రహదారిపై డాట్‌సీరో, మోరిసన్ పట్టణాల మధ్య సెప్టెంబరు 1 నుంచి మే 31 వరకు ట్రాక్షన్ చట్టం, అంటే టైర్ల పట్టుకు సంబంధించిన చట్టం, వర్తిస్తుంది; తగినంత ట్రెడ్ ఉన్న ఫోర్ వీల్ డ్రైవ్ బండికి అక్కడ ఎం+ఎస్ టైర్లున్నా అనుమతి ఉంది. చట్టం అనుమతించింది కదా అని అది చాలుతుందనుకోవద్దని మొదటి జవాబులోని లెక్కే చెబుతుంది.

ప్రశ్న: గొలుసులు కొనుక్కొని వెళ్లమని స్నేహితులు సలహా ఇచ్చారు. అద్దె కారుకు వాటిని వేయవచ్చా? నాకు టైరు మార్చడం తప్ప మరే అనుభవమూ లేదు.

జవాబు: ముందు అద్దె ఒప్పందం చదవండి. కొన్ని సంస్థలు గొలుసులను నిషేధిస్తాయి, మరికొన్ని తామిచ్చిన వాటినే వాడమంటాయి, ఇంకొన్ని వేసుకోనిస్తాయి గాని వాటివల్ల బండికి కలిగిన నష్టం పూర్తిగా మీదేనంటాయి. గొలుసు తెగి చక్రంతో పాటు తిరిగితే బ్రేకు గొట్టాన్ని, చక్రం పైభాగపు రేకును చీల్చివేయగలదు. ఈ షరతులు ఊరికే పెట్టినవి కావు. తర్వాత కారు గ్లోవ్ బాక్స్‌లో ఉండే యజమాని పుస్తకం చూడండి. వెడల్పు టైర్లున్న అనేక కార్లలో టైరుకూ లోపలి భాగాలకూ మధ్య ఖాళీ చాలక గొలుసులు పట్టవు, ఆ సంగతి అందులో రాసి ఉంటుంది. అటువంటి బండ్లకు గుడ్డతో చేసిన తొడుగులు కొన్నిచోట్ల చెల్లుతాయి, ఫ్రాన్స్‌లో వాటిని ఒప్పుకుంటారు కూడా. అవి తారు మీద త్వరగా అరిగిపోతాయి.

గొలుసులను ఇంజను శక్తి అందే చక్రాలకే వేయాలి. ఎక్కువ కార్లలో అవి ముందు చక్రాలు. ఫోర్ వీల్ డ్రైవ్ అయితే ఏ ఇరుసుకు వేయాలో పుస్తకం చెప్పినట్లు చేయాలి. గంటకు 50 కిలోమీటర్లకు మించి వెళ్లకూడదు. మంచు లేని రోడ్డు రాగానే తీసివేయాలి. మీకు అనుభవం లేదన్నారు కాబట్టి ఒక్క మాట: మొదటిసారి వేయడం హోటలు ముందరి చదునైన చోట, పగటి వెలుతురులో జరగాలి. మంచు కురుస్తుండగా చీకటిలో రోడ్డు పక్కన మోకాళ్ల మీద కూర్చొని సూచనల కాగితం చదవడం ఎంత కష్టమో చేసినవారికే తెలుస్తుంది. చేతి తొడుగులు, తల దీపం, మోకాళ్ల కింద వేసుకోవడానికి ఒక పాత చాప లాంటిది దగ్గర ఉంచుకోండి.

కాలిఫోర్నియా కొండ రోడ్లపై కనిపించే గొలుసుల ఆదేశాల మూడు స్థాయిలు తెలిసి ఉంటే మంచిది. ఆర్1 అంటే గొలుసులు వేయాలి, కానీ డ్రైవ్ చక్రాలకు మంచు టైర్లున్న తేలికపాటి వాహనాలకు మినహాయింపు ఉంది. ఆర్2లో నాలుగు చక్రాలకూ మంచు టైర్లున్న ఫోర్ వీల్ డ్రైవ్‌కే మినహాయింపు. ఆర్3లో ఎవరికీ మినహాయింపు లేదు. సాధారణంగా ఆ స్థాయికి రాకముందే రోడ్డు మూసేస్తారు. మొదటి రెండింటిలో మినహాయింపు పొందినవారు కూడా గొలుసులను బండిలో ఉంచుకోవాలి. ఒప్పందంలో గొలుసులు వేయరాదన్న షరతున్న అద్దె కారుతో ఆ రోడ్డెక్కితే, తనిఖీ కేంద్రం నుంచి వెనక్కి పంపుతారు లేదా మీరు షరతును ఉల్లంఘించవలసి వస్తుంది.

ప్రశ్న: చలిలో టైర్ల గాలి తగ్గుతుందంటారు, మంచులో కావాలనే తగ్గించుకోవాలని కూడా అంటారు. ఏది నిజం?

జవాబు: మొదటిది నిజం. ఉష్ణోగ్రత సుమారు 6 డిగ్రీలు తగ్గితే టైరులో గాలి 1 పీఎస్‌ఐ (గాలి పీడనాన్ని కొలిచే ప్రమాణం) తగ్గుతుంది. వెచ్చని పార్కింగ్‌లో గాలి సరిచూసి ఇచ్చిన కారు, మర్నాడు తెల్లవారుజామున కొండపై హెచ్చరిక దీపం వెలిగించడం అందుకే. బండి కదలకముందు, టైర్లు చల్లగా ఉన్నప్పుడు, తలుపు పక్కన అంటించిన పట్టీలో ఉన్నంత గాలి నింపండి. కావాలని తగ్గించడం ఇసుకలో వాడే పద్ధతి. అద్దె కారుతో మంచు ఘాట్ రోడ్డు మీద దాని జోలికి పోకండి. స్టెప్నీ ఉందో లేదో కూడా అప్పుడే చూడండి, ఈ రోజుల్లో చాలా కార్లలో దాని స్థానంలో పంక్చరు మందు సీసా మాత్రమే ఉంటుంది. డీజిల్ బండి అయితే కొండ దగ్గరి బంకులో శీతకాలపు డీజిల్ పోయించండి; వెచ్చని మైదానంలో నింపినది తీవ్రమైన చలికి మైనంలా పేరుకొని ఫిల్టరును మూసివేయవచ్చు.

ప్రశ్న: అంతా రాయించుకున్నాక కూడా కౌంటరులో "ఆ టైర్లున్న కారు ఇప్పుడు లేదు" అంటే ఏం చేయాలి?

జవాబు: మీ ఈమెయిల్ చూపించి, అదే సంస్థ మరో శాఖ నుంచి తెప్పించమని అడగండి, సాయంత్రం దాకా ఆగవలసి వచ్చినా ఆగండి. వారు పెద్ద తరగతి కారును అదే అద్దెకు ఇస్తామని ఊరించవచ్చు. టైర్లు అవే అయితే పెద్ద కారుతో మీకు ప్రయోజనం లేదు. కౌంటరులో పక్క సంస్థను కూడా విచారించండి. ఎక్కడా దొరకకపోతే బుకింగ్ రద్దు చేసి, చెల్లించిన టైరు రుసుము వెనక్కి రావలసిందని అక్కడే రాతపూర్వకంగా తీసుకొని, మంచు ప్రాంతం వరకు బస్సులోనో రైలులోనో వెళ్లండి. చాలా కొండ విడుదులకు శీతకాలంలో షటిల్ బస్సులు ఉంటాయి, లోపల తిరగడానికి కారు అవసరమే పడకపోవచ్చు. దొరికిన కారుతోనే వెళ్లక తప్పని పరిస్థితి ఉంటే, మంచు రేఖకు దిగువన బస చేసి, రోడ్డు శుభ్రం చేశారని స్థానిక రహదారుల శాఖ ప్రకటించాక పగటిపూట మాత్రమే పైకి వెళ్లి, నీడపట్టు మలుపుల్లో కరిగిన నీరు తిరిగి గడ్డకట్టక ముందే, అంటే మధ్యాహ్నం మూడు గంటలకల్లా, దిగివచ్చేటట్లు చూసుకోండి.